ఏడు దినాల సముద్రం

(మర్రిగూడకు రెండు కోసుల దూరంలో ఒక ఊరు. 1963. మాఘ పున్నమకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. పొద్దున పూట గొర్రెల వ్యాపారి పర్వతాలు, అతని భార్య యాదలక్ష్మి, తల్లి గుర్వమ్మ ఇంట్లో కూర్చొని, నేల మీద చింతగింజలతో ప్రయాణపు దారి పెట్టుకుంటూ మాట్లాడుకుంటున్నారు.)

"గీ చింతగింజ బెజవాడ. మొదటి దినం ఆడ సత్రంల పండుతం. గిది బందరు. గిది అంతర్వేది. గిది కాకినాడ. గీ పెద్దది ఇశాఖపట్నం. సక్కగనే పెట్టిన్నా?"

"పెట్టినవ్ గని లచ్చిమీ, బందరుకు అంతర్వేదికి నడుమ జర జాగా ఇడువు. గోదారి పాయ అడ్డమొస్తదట. జీపును పంటు మీదికి ఎక్కించి దాటిస్తరట."

"పంటంటే ఏంది?"

"రెండు పడవలు కలిపి పైన పలకలు కొడ్తరు. మన డ్రైవర్ చోటే మియా లారీ తోలే రోజులల్ల మస్తు సార్లు దాటిండట. జీపు పైనుంటది, మనం జీపుల ఉంటం."

"అది మునిగితే?"

"మునిగితే నీ తీర్థం ఆడనే అయిపాయె. ముందుకు పోయే పని లేదు."

"పొద్దుగాల్నే గవేం మాటలు! అత్తా, చూడు నీ కొడుకు ఏమంటుండో."

"వాడు నవ్వులాటకంటుండు, యాదలచ్చిమీ. నువ్వు గింజలు పెట్టుకో. ఏడు దినాలు గదా?"

"ఏడే. అయిదు దినాలు పోవుడు, రెండు దినాలు ఎనకకు వచ్చుడు."

"నిమ్మళంగ రాండ్రి. జీపు కొత్తది గాదు, మిల్ట్రీ వేలంల కొన్నది. గట్టిగ తోలకుండ్రి. ఎనిమిది దినాలైనా ఫికర్ లేదు. ఆరో దినానికే ఉరికి రాకుండ్రి, గంతే."

"ఎన్నడు లేంది అత్త నన్ను నిమ్మళంగ రమ్మంటాంది! మా తల్లిగారింటికి పోతానంటే రెండో దినానికి మనిషిని తోలేది."

"గప్పుడు పనులుండె."

"గిప్పుడు లేవా? నువ్వు సుత రారాదు అత్తా. ఎనక సీట్ల బొంత పరుస్త."

"నా మోకాళ్లు వంగుతయా? గీ ఊరి నీళ్లు తాగి తాగి కట్టెలైనయి. గా జీపుల ఏడు దినాలు కూసుంటే నన్ను ఎత్తుకొని దించాలె."

"మొన్న కురుమూర్తి గుడికి బండ్లె పోయొస్తివి గదా?"

"గది దేవుడు తోలుకపోయిండు."

"అమ్మను ఊకె అడుగకు లచ్చిమీ. గిది ఇను. కాకినాడ నుంచి ఉప్పాడ దాక తొవ్వ సముద్రం పక్క పొంటనే పోతదట. అల ఎగిరి జీపు మీద పడ్తదట. ఇశాఖపట్నం నుంచి భీమిలికి పోతే ఒక దిక్కు గుట్టలు, ఒక దిక్కు నీళ్లు. చోటే మియా అంటుండు, ఎంత దూరం చూసినా అవుతలి గడ్డ కనపడదట."

"అవుతలి గడ్డే ఉండదా?"

"ఉండదు."

"మనకేమో బావిల నీళ్లు చూడాల్నంటే కడుపు మట్టుకు వొంగాలె. గన్ని నీళ్లు ఒక్క కాడ పెట్టుకొని ఆ ఆంధ్రోళ్లు ఏం చేస్తరో."

"మన మాట ఇని నవ్వుతరట."

"నవ్వనీ. నేను వాళ్లతోటి మాట్లాడ పోతున్ననా? నేను పొయ్యేది మూడు మునకల కోసం. చూడూ, మనం పున్నమకు రెండు దినాల ముందు ఎల్లితే, పున్నమ నాటికి అంతర్వేదిల ఉంటం. నల్లగొండ అయ్యగారు చెప్పింది గుర్తుందా?"

"ఏం చెప్పిండు?"

"మల్ల అడుగుతవ్! మాఘ పున్నమ నాడు, గోదారి సముద్రంల కలిసే కాడ, నా కొంగు నీ కండువ ముడేసుకొని, ఇద్దరం ఒక్కసారే మూడు మునకలు మునగాలె. మునిగినోళ్లకు ఏడాది తిరగకముందే బిడ్డ పుట్టిందట."

"నువ్వు మునుగు. నేను ఒడ్డు మీద బట్టలు చూస్త."

"బట్టలు చూడనీకె చోటే మియా లేడా?"

"ఆయన జీపును చూడాలె."

"ఓ, జీపును ఎవలు ఎత్తుకపోతరు? కొంగుముడి ఏసుకొని ఒక్కదాన్నే ఎట్ల మునుగుత? నీ కండువకు ముడేసి కండువను ముంచాల్నా?"

"ముంచు. కండువ సుత నాదే గదా."

"నవ్వకు. నాకు నవ్వొస్తలేదు. ఎనిమిదేండ్లాయె మన పెండ్లయి. నిరుడు అత్త ఏమన్నది? గీ మాఘం దాక చూస్త, కడుపు పండకుంటే ఇంకొకదాన్ని తెస్త అన్నది. అన్నవా లేదా అత్తా?"

"అన్న. నేను అన్న మాట తప్పుతనా?"

"ఇన్నవా? నాకు గీ మాఘం తప్పితే ఇంకోటి లేదు. నువ్వు మునగాలె. ముఖ్యంగ నువ్వు మునగాలె."

"ముఖ్యంగ నేనెందుకు?"

"ఎందుకంటే... మొగోడివి. మునుగుతవా లేదా?"

"అంతర్వేదిల పున్నమ నాడు జనం ఒకల మీద ఒకలు పడ్తరట. తొక్కుకొని సస్తరు."

"అయితే అంతర్వేది ఇడుస్తం. గో, గింజ తీసేసిన. పున్నమకు ఒకటి రెండు దినాలు ఎనక ముందైనా పర్వాలేదన్నడు అయ్యగారు. బందరుల మునుగుదాం."

"బందరు కాడ అంతా బురద. మోకాలు దాక దిగబడ్తం."

"ఉప్పాడల?"

"రాళ్లు."

"భీమిలిల?"

"ఆడ అల మంచిది గాదట. మనిషిని లోపలికి గుంజుకపోతది. చోటే మియా కండ్లార చూసిండట."

"అన్ని గింజలు తీసేస్తివి! మనం సముద్రం చూడనీకె పోతున్నమా, సముద్రం లేని ఊర్లు చూడనీకె పోతున్నమా?"

"చూద్దామంటున్న గదా. చూడనీకె ఏం? కడుపు నిండ చూడు. ఒడ్డు మీద కూసోబెట్టి చూపిస్త, ఏడు దినాలు."

"డిండి వాగు వరదల గొర్రె కొట్టుకపోతే, నలుగురు వద్దన్నా దునికి పట్టుకొచ్చినోనివి నువ్వు. నడుము లోతు నీళ్లల్ల మూడు మునకలంటే భయమా?"

"భయం గాదు. ఉప్పు నీళ్లు నాకు పడయి."

"ఎప్పుడు మునిగినవ్ పడయని తెల్వనీకె?"

"అడ్డమైన ప్రశ్నలు ఎయ్యకు లచ్చిమీ."

"అడ్డమైంది ఏమడిగిన? నా పానం పోయేటట్టున్నది, నీకు అడ్డమైన ప్రశ్నగున్నదా? ఒక్క మాట చెప్పు, మునుగుతనని. ఏడ మునుగుతవో నువ్వే చెప్పు."

"వాడు మునుగడు. సముద్రంల కాలు పెట్టడు. నేను చెప్తున్న, గంతే."

"నువ్వెందుకు గట్లంటవ్ అత్తా?"

"పెద్దదాన్ని, చెప్తున్న."

"ఎందుకో చెప్పు."

"గ్రహాలు బాలేవు."

"ఏ అయ్యగారు చెప్పిండు?"

"నాకు తెల్సు. ఇంక ఆ ముచ్చట ఇడువు. గింజలు మల్ల పెట్టుకో. ఇశాఖపట్నంల ఏం చూస్తరు? సింహాచలం పోతరా?"

"సింహాచలం సంగతి తర్వాత. ఓ అయ్యా, నన్ను చూడు. గీ గడ్డం ఎందుకు పెంచుతున్నవ్?"

"మొక్కు."

"ఎవలకు?"

"యాదగిరి నర్సన్నకు."

"కురుమూర్తి సామికి."

"ఇద్దరు ఒక్క మాట చెప్పుండ్రి. నర్సన్నకా, కురుమూర్తికా?"

"ఇద్దరికి మొక్కిండు. నీకేమైంది పిల్లా పొద్దుగాల్నే?"

"మొన్న పెద్దబాపు సచ్చిపోతే పాడె పట్టనన్నడు, అత్తా. నడుము నొస్తాందన్నడు. అదే మాపటికి బలిసిన పొటేలును భుజాల మీద ఏసుకొని రాలేదా? నేను గడప కాడనే ఉన్న. చూసి ఊకున్న."

"ఊకున్నదానివి గిప్పుడు సుత ఊకో."

"నీ బిడ్డె గోపమ్మ వదినె కడుపుతోటి ఉన్నప్పుడు అల్లున్ని నువ్వెట్ల సతాయించినవో యాదికుందా? క్షౌరం చేసుకోనియ్యకపోతివి. వాళ్ల మేనమామ పోతే పాడె ముట్టనియ్యకపోతివి. వాళ్ల ఊరోళ్లు రామేశ్వరం పోతుంటే ఆయన సుత పోతానన్నడు. గప్పుడు ఏమన్నవ్ అత్తా? గీ ఇంట్లనే, గీడనే కూసొని అన్నవ్."

"నాకు యాదికి లేదు."

"నాకున్నది. పెండ్లాం కడుపుతోటి ఉన్నోడు సముద్ర తానం చెయ్యొద్దు, కడుపుల బిడ్డకు అరిష్టం అన్నవ్."

"అందరు అనేదే అది."

"అవును, అందరు అనేదే. పెండ్లాం కడుపుతోటి ఉన్నోడు. నేను కడుపుతోటి లేను అత్తా. మొన్న గురువారం సుత నేను బయటనే కూసున్న. నువ్వే బువ్వ పెట్టినవ్."

"గవన్నీ ఇప్పుడెందుకు? గింజలు ఏరుకో ముందు."

"ఎవలు కడుపుతోటి ఉన్నరు?"

"లచ్చిమీ, నువ్వు జర నిమ్మళంగ..."

"ఎవలు?"

"చెప్పు కొడుకా. ఇంక దాచుడెందుకు? ఎట్లయినా తెల్సేదే. చెప్పు."

"అచ్చంపేట కాడ."

"అచ్చంపేట కాడ ఎవలు?"

"ఎండకాలం మందను నల్లమల దిక్కు తోలుకపోయినం గదా. ఆడ ఒకాయన సేన్ల మంద పెట్టినం, ఎరువుకు. వాళ్ల బిడ్డె. మొగడు ఇడిసిపెట్టిండు. పేరు సత్తమ్మ."

"ఎన్నో నెల?"

"ఏడు."

"ఏడు. నేను ఈడ ఒక్కపొద్దులుంటి. శనివారం శనివారం పచ్చి మంచినీళ్లు సుత తాగకపోతిని. నువ్వు మందను చూసొస్త అని పోయేది గందుకా?"

"మందను చూసుడు సుత ఉండె."

"ఊర్లె ఎవలెవలకు తెల్సు?"

"ఎవలకు తెల్వదు. చోటే మియాకు తెల్సు, జీపు తోలుతడు గాబట్టి. జీతగాడు ఎల్లేశానికి తెల్సు."

"అత్తకు తెల్సు."

"అత్తకు తెల్వకుండ ఎట్లుంటది? పోయిన నెల నేనే పోయి చూసొచ్చిన. కడుపు సూదిగున్నది, మొగపిల్లడే."

"కురుమూర్తి గుడికని పోయింది గాడికా? మోకాళ్లు వంగయంటివి."

"మనుమడంటే వంగినయి."

"మరి గీ సముద్రమేంది? గీ చింతగింజలేంది? నెల సంది నన్ను ఊరిస్తుండ్రి. చీర కొంటిరి. అటుకులు దంచిపిస్తిరి. గిదంతా ఎందుకు?"

"పున్నమ నాడు మంచి గడియున్నదమ్మా. ఆమెను ఇంట్లకు తెచ్చి ఒడి నింపుత. నువ్వు ఈడ ఉంటే ఏడుస్తవ్. ఏడుస్తవని నాకు తెల్సు. శుభం నాడు ఇంట్ల ఒకతి ఏడ్చుకుంట కూసుంటే మంచిది గాదు."

"గందుకని నన్ను సముద్రానికి తోలుతున్నరా?"

"ఏడు దినాల్ల ఆమె కుదురుకుంటది. నువ్వొచ్చేటాల్లకు అంతా సర్దుకుంటది. వీడు నీ పక్కపొంటి ఉంటే నీకు అనుమానం రాదనుకున్న. నువ్వు ఊకె మునుగు మునుగు అంటివి, పనంతా చెడగొడ్తివి."

"నా అర్రకు సున్నం ఏపిస్తానంటివి. నేను లేనప్పుడు ఏపిస్తానంటివి."

"అవు. ఆ అర్రకు గాలి మంచిగొస్తది. పసిపోరనికి గాలి గావాలె."

"నేను ఏడ పండాలె?"

"పెద్దర్ర ఉన్నది. నా మంచం పక్కన జాగా లేదా? నాకు మాపటీలి కాళ్లు పిసుకనీకె ఒక మనిషి గావాలె."

"ఓ అయ్యా, నువ్వు చెప్పు. అత్త మాటే నీ మాటనా?"

"నేను చెడ్డోన్నా లచ్చిమీ? చెడ్డోన్నైతే నీ పెట్టె నెత్తిన పెట్టి నిన్ను తల్లిగారింటికి తోలుతుంటి. పదిమంది గట్లనే చెయ్యుమన్నరు. నేను చెయ్యలే. జీపు పెట్టి, డ్రైవర్‌ను పెట్టి, ఏడు దినాలు సముద్రం చూపిస్తనంటున్న. గీ ఇలాకల ఏ మొగడు పెండ్లానికి సముద్రం చూపిచ్చిండు? చెప్పు."

"ఎవలు చూపియ్యలే."

"మరి? ఇంత బువ్వ పెడ్త, బట్ట పెడ్త. ఆ పోరడు నిన్ను సుత పెద్దమ్మ అనే పిలుస్తడు. ఎత్తుకోవచ్చు నువ్వు. నీకు ఏం తక్కువ?"

"ఎత్తుకోనిస్తరా?"

"మైల పడకుంటే ఎత్తుకో. ముందుగాల అయితే వద్దులే అమ్మా. మూడు నెలలు దాటినంక. నీ కండ్లు పడ్తయని గాదు, అందరు ఏమన్న అంటరని."

"నా కండ్లు పడ్తయి, అను అత్తా. అను. ఎనిమిదేండ్ల సంది అంటనే ఉన్నవ్. వ్రతాల కాడికి, సీమంతాల కాడికి పోకుమంటివి. పక్కింటి మైసమ్మ బిడ్డె తొట్టెల పండుగకు పోతే ఎనకకు పిలిపిస్తివి. నేను ఎదురొస్తే మంద తోలకపోతివి."

"నేను ఉత్తగ అంటినా? పట్నం దవాఖాన్ల తేల్చి చెప్పలేదా? అన్నది ఎవలు? డాక్టరమ్మ. వచ్చి చెప్పింది ఎవలు? నువ్వే. గీ గడప కాడ నిలబడి నీ నోటితోటే చెప్పినవ్, తప్పు నాల్నే ఉన్నది అత్తా అని. ఆ నాడే వీనికి ఇంకొకదాన్ని తేవాల్సింది. నాలుగేండ్లు ఓపిక పట్టిన. ఇంక గొడ్డుదాన్ని పెట్టుకొని ఏం చెయ్యాలె? గొర్రె ఈనకుంటే సంతకు తోల్తం. నిన్ను సముద్రానికి తోలుతున్నం. సంతోషపడు."

"అమ్మా, ఊకో నువ్వు."

"నన్నెందుకు ఊకోమంటవ్? అబద్ధమా?"

"అబద్ధం గాదు అత్తా. నేనే చెప్పిన. తప్పు నాల్నే ఉన్నదని నేనే చెప్పిన."

"మరి ఇంకేంది?"

"ఏం లేదు. ఓ అయ్యా, ఒక్కటి అడుగుత. అచ్చంపేటల మంద కాడ వానకాలమంతా ఎవలున్నరు?"

"ఎల్లేశం."

"మన జీతగాడు ఎల్లేశమేనా?"

"ఇంకెవలుంటరు? నేను పదిహేను దినాలకోసారి పోయి చూసొస్తుంటి. ఒక్క రాత్రి ఉంటుంటి."

"గిప్పుడు ఆమెను ఎవలు చూసుకుంటుండ్రు?"

"ఎల్లేశమే. నీళ్లు, కట్టెలు తెచ్చి పెడ్తుండు. మంచోడు. ఆమె కడుపుతోటి ఉన్నదని నాకు కబురు తెచ్చింది సుత వాడే. ఎందుకడుగుతున్నవ్?"

"నాలుగేండ్ల కింద పట్నంల ఇద్దరికి పరీక్ష చేసిరి. నాకొక్కదానికే చెయ్యలే."

"అవు. సీసాల ఇచ్చిరమ్మంటే సిగ్గుతోటి సచ్చిన. అయితే?"

"కాయితం తెచ్చే నాడు నువ్వు రాలే. సంతల గొర్లున్నయని నన్ను, మా అన్న సోమన్నను తోలినవ్."

"మీ అన్న బడిపంతులు. ఇంగిలీసు సదువుతడని తోలిన. అయితే ఏంది?"

"సదివిండు. సదివి అన్నోడు తల కిందికి ఏసుకున్నడు. డాక్టరమ్మ సుత కూసోబెట్టి రెండు సార్లు చెప్పింది. నాల్ల ఏ తప్పు లేదన్నది. నీ మొగనితోటి పిల్లలు కారమ్మా అన్నది. నీకే గాదు, ఏ ఆడిదానికైనా కారు అన్నది."

"ఏయ్!"

"మందు లేదన్నది. ఇప్పుడు లేదు, ఎన్నటికి లేదు అన్నది."

"అబద్ధం! కడుపు మంటతోటి నోటికొచ్చింది కూస్తాంది. కొట్టు కొడుకా దీన్ని!"

"కొట్టుమను. కాయితం మా అన్న పెట్టెల ఉన్నది, దవాఖాన మొహర్ తోటి. కావాల్నంటే చోటే మియాను జీపు ఇచ్చి తోలు, మాపటికల్ల తెస్తడు."

"మరి నువ్వెందుకు చెప్పలే? నాలుగేండ్లు ఎందుకు చెప్పలే?"

"పదిమందిల నీ ఇజ్జత్ పోతదని. సంతల మొగోళ్లు నిన్ను చూసి నవ్వుతరని. అన్నతోటి ఒట్టేయించుకున్న, తప్పు నా మీద ఏసుకున్న. అత్త గొడ్డుదంటే అనిపించుకున్న. డాక్టరమ్మ కాదన్నది దేవుడన్నా అవునంటడేమోనని అయ్యగార్ల కాళ్లు పట్టుకున్న. నిన్ను ముంచాలె ముంచాలె అన్నది గందుకే. నీ మీద నాకు గంత ప్రేముండె. గిప్పుడు లేదు. గిప్పుడు నాకు మస్తుగ మండుతాంది."

"లచ్చిమీ... నువ్వు... ఏడో నెల అది. నేను సముద్రంల మునుగొద్దు."

"మునుగు, ఏం కాదు. ఒడ్డు మీద నిలబడాల్సింది ఎల్లేశం."